ముళ్లపంది మొగిలి అప్పీలు

నల్లకొండ వెనక అడవిలో జంతువులకి ఒక విద్యాపీఠం ఉండేది. అక్కడ చెప్పేది ఒకటే చదువు, దారుల చదువు. ఎండలు ముదిరి వాగుల్లో ఇసుక తప్ప ఏమీ మిగలని రోజుల్లో నీళ్లెక్కడ దొరుకుతాయో వెతకాలి. ఆ దారి గుర్తుపెట్టుకోవాలి. ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పాలి. చదువు గట్టెక్కినవాళ్లని 'దారిపెద్ద' అనేవారు. ఎండాకాలం వస్తే మందలకి మందలు దారిపెద్ద వెనకాలే నడిచేవి. దారిపెద్ద తప్పు దారి చెబితే మంద మొత్తం నాలుక ఎండి పడిపోవలసిందే.

ఆ విద్యాపీఠంలో మొగిలి అనే ముళ్లపంది చదువుతూ ఉండేది. పొట్టి ప్రాణం, పెద్ద పట్టుదల. అంతవరకూ అక్కడ చదివినవాళ్లంతా దుప్పులు, అడవిదున్నలు, ఏనుగులు. వాళ్లు చూపించిన మడుగుల దగ్గర పెద్ద మందలు తాగి, తొక్కి, బురద చేసి వెళ్లాక కుందేళ్లూ ముంగిసలూ తాబేళ్లూ ఆ బురదే నాకేవి. చిన్నవాళ్లకంటూ ఒక దారిపెద్ద ఉండాలని మొగిలి పట్టుబట్టి చేరింది. చలికాలమంతా కొండ చుట్టూ ముక్కు నేలకానించుకుని తిరిగింది. చివరికి ఒక ఊట దొరికింది. ఆ సాయంత్రం ఇప్పచెట్టు కింద కూర్చుని, మర్నాడు పరీక్షలో చెప్పాల్సిన జవాబు పైకే వల్లె వేసుకుంది. పొద అవతల ఎవరో మేస్తున్న చప్పుడు వినిపించింది కానీ, తన సంతోషంలో తానుండి పట్టించుకోలేదు.

పరీక్షల పెద్ద ధవళాచారి అనే కొంగ. తెల్లటి ఈక మీద చుక్క మరక పడనివ్వడు. మడుగు ఒడ్డున బండ మీద ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని జవాబులు వింటాడు. విద్యార్థులు ఒక్కొక్కరే వచ్చి, తాము కనిపెట్టిన కొత్త నీటికి దారి చెప్పాలి. పెద్ద ఒళ్లున్నవాళ్లని ముందు పిలుస్తారు, చిన్నవాళ్లని చివర. ఎందుకలా అని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మొగిలి వంతు వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది.

"చెప్పమ్మా," అన్నాడు ధవళాచారి.

"ఏనుగురాయికి ఎడమపక్క దిగాలండీ. పాలచెట్టు వేరు వెంటే పోవాలి. చీకటిగదిలోంచి నడవాలి. చల్లనోరు దగ్గర ఆగి తవ్వితే నీళ్లండీ."

కొంగ ఎత్తిపెట్టిన కాలు టక్కున కిందికి దిగింది. కళ్లు తెరుచుకున్నాయి.

"మళ్లీ చెప్పు."

మొగిలి మళ్లీ చెప్పింది. గురువుగారికి అంత నచ్చిందా అని మనసులో మురిసిపోయింది కూడా.

"ఇదే జవాబు పొద్దున్నే దుప్పి కొమరయ్య చెప్పాడు," అన్నాడు ధవళాచారి. "ఏనుగురాయి అందరూ చూసేదే, పాలచెట్టూ అంతే. కానీ చీకటిగది, చల్లనోరు అన్న మాటలు ఇన్నేళ్లలో ఏ విద్యార్థి నోటా వినలేదు. ఇవాళ ఒక్క పూటలో ఇద్దరి నోట విన్నాను. ఇద్దరికీ ఒకే పేర్లు తట్టవు. ఒకరు ఇంకొకరిది ఎత్తుకున్నారు. ఎవరు ఎత్తుకున్నట్టు?"

"ఆ పేర్లు నేను పెట్టుకున్నవండీ!"

"వాడు ముందు చెప్పాడు, నువ్వు తరవాత చెప్పావు."

"మీరు వాణ్ణి ముందు పిలిచారు కదండీ!"

విచారణ మర్నాడే పెట్టారు. కొమరయ్య తరఫున భద్రయ్య అనే నక్క వచ్చాడు. భద్రయ్యకి ఎప్పటినుంచో విద్యాపీఠం సభలో ఒక కుర్చీ కావాలి. ఈ గండం గట్టెక్కిస్తే ఆ కుర్చీకి తమ మద్దతు ఉంటుందని దుప్పుల మంద మాటిచ్చింది. భద్రయ్య తోక సర్దుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"అయ్యా, కొమరయ్య ఎవరు? దుప్పుల పెద్ద కొడుకు. తాత దారిపెద్ద, తండ్రి దారిపెద్ద. వాడికి ఇంకొకరి జవాబుతో పనేమిటి? ఇక ఈ అమ్మాయి ఎవరు? వీళ్ల ఇంటావంటా చదువుందా? ముందు చెప్పినవాడు దొంగ, వెనక చెప్పినది దొర అంటే లోకం ఒప్పుకుంటుందా?"

మొగిలి జవాబు చెబుదామని నోరు తెరిచింది. వీపు మీద ముళ్లన్నీ ఒక్కసారిగా గలగలమంటూ లేచి నిలబడ్డాయి.

"చూడండి, చూడండి!" అంటూ నక్క వెనక్కి గెంతాడు. "పెద్దల సభలో ముళ్లు లేపుతోంది! నిజాయితీపరులు చేసే పనేనా ఇది?"

"గురువుల ముందు ముళ్లు లేపుతావా?" అన్నాడు ధవళాచారి, నొచ్చుకుని.

"నేను లేపలేదండీ," అంది మొగిలి. "భయమేస్తే అవే లేస్తాయి."

ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. కొమరయ్య మాత్రం తల వంచుకుని గడ్డి కేసి చూస్తూ నిలబడ్డాడు. మొగిలిని విద్యాపీఠం నుంచి తీసేశామనీ, ఆ జవాబు కొమరయ్యదేననీ, ఆమె వెనక ఎవరూ నడవకూడదనీ ధవళాచారి తీర్పు చెప్పాడు. చెప్పి రెక్క విప్పుకుని ఎగిరిపోయాడు. కఠినుడు కాడు పాపం. రూలు ఎంతుందో అంతే చేశాననుకున్నాడు.

మొగిలి తన చోటికి వెళ్లి, ఎండుటాకులు మూట కట్టుకోవడం మొదలుపెట్టింది. అక్కడి విద్యార్థుల బాగోగులు చూసే తాబేలు తాయారత్త నెమ్మదిగా వచ్చి గుమ్మంలో అడ్డంగా కూర్చుంది.

"ఎక్కడికే ప్రయాణం?"

"ఇంటికి. నాకీ చదువూ వద్దు, ఈ సభలూ వద్దు."

"సరే వెళ్లు. నీ జవాబు పట్టుకుని ఆ దుప్పి కుర్రాడు ఎండాకాలంలో నా మనవల్ని, ఆ కుందేలు పిల్లల్ని ఎక్కడికో తీసుకుపోతాడు. వాడికి దారి తెలుసా?"

మొగిలి చేతిలోని ఆకులు కింద పడ్డాయి. తన పరువు గురించి ఏడ్చిందే కానీ, ఇంత దూరం ఆలోచించలేదు.

"తెలీదత్తా. వాడికి తెలిసే దారి కాదది."

"మరి అప్పీలు పెట్టుకో. పున్నమి దాటితే వినరు. అప్పీళ్లు వినే అడవిదున్న నాంచారమ్మ దగ్గరికి వెళ్లు."

"వెళ్లి ఏం చెప్పను? నేను మంచిదాన్నని చెప్పనా? చెప్పాను కదా ఒకసారి!"

"అది అప్పీలు కాదే పిచ్చిదానా, అది ఏడుపు. ఏడుపు నా దగ్గర ఏడువు, నేను వింటాను. అక్కడ మాత్రం విచారణలో అడగాల్సింది ఏది అడగలేదో, చూడాల్సింది ఏది చూడలేదో అది చెప్పు."

మొగిలి తాయారత్త దగ్గర కరువుతీరా ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుని బయల్దేరింది.

నాంచారమ్మ మసిరంగు ఒళ్లున్న పెద్ద అడవిదున్న. వెదురుపొదల నీడలో పడుకుని నెమరు వేస్తోంది. మొగిలి చెప్పిందంతా విన్నది. నెమరు వేస్తూనే ఉంది. మొగిలి కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది.

"పెద్దమ్మా, విన్నారా?"

"విన్నాను తల్లీ. విన్నది గబుక్కున మింగేస్తే ఒంటికి పట్టదు. కాసేపు నెమరు వెయ్యాలి." ఇంకాసేపయ్యాక అడిగింది. "విచారణలో నిన్ను అడగనిదేమిటి?"

"ఎవరు ముందు చెప్పారన్నదే అడిగారు పెద్దమ్మా. చీకటిగది అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. నన్నూ అడగలేదు, వాణ్ణీ అడగలేదు."

నాంచారమ్మ దవడ ఆగింది. "ఇదీ అప్పీలంటే," అంది.

అప్పీలు వినడానికి ఏనుగురాయి దగ్గరే సభ పెట్టించింది. ధవళాచారి వచ్చాడు. కొమరయ్య వచ్చాడు, వాడి పక్కన భద్రయ్య, వెనక దుప్పుల మంద. ఇదేమవుతుందోనని కుందేళ్లూ ముంగిసలూ రాళ్ల మధ్య నక్కి కూర్చున్నాయి. మొగిలి ముళ్లు లేచాయి.

"అదిగో, మళ్లీ!" అన్నాడు భద్రయ్య.

"అవును, భయపడుతోంది," అంది నాంచారమ్మ. "నీ ముందు నిలబడితే ఎవరికి భయం వెయ్యదు? భద్రయ్యా, నువ్వు కాస్త ఎడంగా నుంచో."

నక్క ఎడంగా జరిగాడు. మొగిలి ముళ్లు కొంచెం వాలాయి.

"నాకు పొద్దుపోయే వాదనలొద్దు," అంది నాంచారమ్మ. "ఇద్దరూ ఒకే దారి చెప్పారు. నడిచి చూపిస్తే సరిపోతుంది. ఇద్దరూ కలిసి నడిస్తే తోపులాట. ఒకరి తరవాత ఒకరు. ఎవరు ముందు నడుస్తారో మీరే చెప్పండి."

మొగిలి ఏదో అనబోయింది. అంతలోనే భద్రయ్య గెంతి ముందుకొచ్చాడు. మొదటి విచారణలో 'ముందు' అన్న ఒక్క మాటే తనని గెలిపించింది. ఇప్పుడా మాట ఇంకొకరికి వదులుతాడా?

"మా కొమరయ్యే ముందు! జవాబు ముందు చెప్పింది వాడు, దారి ముందు నడవాల్సిందీ వాడే. ఆ అమ్మాయి ముందు నడిస్తే మేం ఒప్పుకోం."

కొమరయ్య మొహం పాలిపోయింది. "బాబాయ్, వద్దు, ఆమెనే ముందు వెళ్లనీ," అని గొణిగాడు.

"నువ్వూరుకోరా, నీకు తెలీదు!"

"అలాగే కానివ్వండి," అంది నాంచారమ్మ. "అందరూ విన్నారుగా? భద్రయ్య స్వయంగా అడిగాడు."

కొమరయ్య ముందు నడిచాడు, సభంతా వెనకాలే కదిలింది. ఏనుగురాయికి ఎడమపక్క దిగాడు. అది సులువే. పాలచెట్టు దొరికింది, దాని వేరు కూడా పాములా నేల మీద సాగుతూ కనిపించింది. వేరు వెంట పోయాడు. ఒకచోట వేరు మట్టిలోకి దిగి మాయమైంది. కొమరయ్య ఆగిపోయాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎదురుగా నిలువెత్తు ముళ్లపొద, పరికికంప. దానికి కుడివైపు కొండలో పెద్ద గుహ, నోరు తెరుచుకుని నల్లగా ఉంది.

"ఏమాలోచిస్తున్నావురా?" అన్నాడు భద్రయ్య, వెనకనుంచి పొడుస్తూ. "చీకటిగది ఎదురుగా ఉంటే! అయ్యా, చూడండి, ఎంత చీకటిగా ఉందో! గది అంటే ఇది కాక మరేది?"

మొగిలి ఉండబట్టలేకపోయింది. "కొమరయ్యా, అందులోకి వెళ్లకు!" అని అరిచింది.

"చూశారా, కుళ్లు!" అన్నాడు నక్క. కొమరయ్యని లోపలికి తోసి, గెలుపు కళ్లారా చూద్దామని తానూ వెంట దూరాడు.

కాసేపు ఏ చప్పుడూ లేదు. తరవాత కొమ్ములు రాతికి తగిలిన ఠక్కుమనే మోత, దాని వెంట గుహంతా అదిరిపడే గుర్రు వినిపించాయి.

"ఎవడ్రా నా ఇంట్లో!"

నక్క ముందు, దుప్పి వెనక బాణాల్లా బయటికి దూసుకొచ్చారు. భద్రయ్య ఆగలేక పరికికంపలోకి తలకిందులుగా వెళ్లి పడ్డాడు. గుహ గుమ్మంలోకి ఒక ఎలుగుబంటి వచ్చి, నిద్రకళ్లు నలుపుకుంటూ అందర్నీ చూసింది.

"నాంచారమ్మొదినా, ఏమిటీ జాతర? నీళ్లకి దారి అంటూ నా పొట్ట మీద కాలేశాడు వీడు. నా ఇంట్లో నీళ్లుంటే నేను వాగుదాకా ఎందుకెళ్తాను?"

"నిద్రపో అమ్మా. ఈ గది కాదుట," అంది నాంచారమ్మ. "మొగిలీ, ఇప్పుడు నువ్వు."

మొగిలి పరికికంప దగ్గరికి వెళ్లింది. దాని మొదలు దగ్గర ఆకులు పక్కకి తీసింది. నేలకి ఆనుకుని చిన్న కంత కనిపించింది. అది తల వంచి, పొట్ట నేలకి రాసుకుంటూ పోయేవాళ్లకే దారి. లోపల ముళ్లకొమ్మలు పైనంతా గట్టిగా అల్లుకుపోయి పైకప్పులా ఉన్నాయి. పట్టపగలు కూడా అందులో చీకటే.

"ఇదండీ చీకటిగది," అంది మొగిలి. "అవతల చుట్టూ నిటారు బండలు. పెద్దవాళ్లకి దారి లేదు. అందుకే ఆ నీళ్లు మాలాంటివాళ్లకి మిగులుతాయి."

అందరి చూపూ కంత మీద నుంచి కొమరయ్య కొమ్ముల మీదికి, అక్కణ్ణుంచి మళ్లీ కంత మీదికి పోయింది.

పొదలోంచి భద్రయ్య గొంతు వినిపించింది. "పరీక్షరోజున వాడి కొమ్ములు... చిన్నవి!"

కుందేళ్లు పకపకా నవ్వాయి.

ధవళాచారి మాత్రం నవ్వలేదు. "పరీక్ష అయ్యాక నేను పైనుంచి ఎగిరి చూశాను," అన్నాడు నెమ్మదిగా. "బండల మధ్య పచ్చిక కనిపించింది. నీళ్లున్నాయి, జవాబు సరైందే అనుకున్నాను. కింద కాళ్లు ఎలా నడవాలో చూడనేలేదు." అని, తెల్లటి రెక్కలు ఒంటికి అదుముకుని, మెడ ముడిచి, ఆ కంతలోకి దూరబోయాడు.

"గురువుగారూ, ఈకలు పాడవుతాయండీ!" అంది మొగిలి.

"పాడవనీ. ముందు నువ్వు పద."

ఇద్దరూ లోపలికి మాయమయ్యారు. కొంతసేపటికి అవతలనుంచి ముసలి కొంగ గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది.

"అబ్బ! చల్లగా ఉంది! రాతి పగుల్లోంచి గాలి వస్తోంది, చల్లటి గాలి, నా మొహానికే! నోరే ఇది! చల్లనోరే! నాంచారమ్మా, నీళ్లు!"

కుందేళ్లూ ముంగిసలూ ఇక ఆగలేదు. ఒకదాన్నొకటి తోసుకుంటూ కంతలోకి పరిగెత్తాయి.

ధవళాచారి తిరిగి వచ్చేసరికి ముక్కునిండా బురద, ఈకలనిండా ఆకులు, మొహంలో మాత్రం వెలుగు. అందరి ఎదుటా మొగిలికి తల వంచాడు.

"అమ్మా, నా తీర్పు తప్పు. నీ ముళ్లు చూసి నిన్ను అంచనా కట్టాను. అది ఇంకా పెద్ద తప్పు."

"మీరు నడిచారు కదండీ, చాలు," అంది మొగిలి. కళ్లు తుడుచుకుంది.

నాంచారమ్మ కొమరయ్య వైపు తిరిగింది.

"నాయనా, నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా? ఆమెని అడగకుండా తీర్పు చెప్పారని ఇవాళ ఇక్కడికి వచ్చాం. నిన్ను అడగకుండా చెబితే అదే తప్పు మళ్లీ చేసినట్టవుతుంది."

"మర్చిపోయానని చెప్పరా," అని గుసగుసలాడింది పొద.

కొమరయ్య తల అడ్డంగా ఊపాడు. "మర్చిపోలేదు పెద్దమ్మా. నేనూ వెతికాను. కొండంతా తిరిగాను. ఎక్కడా దొరకలేదు. తాత దారిపెద్ద, నాన్న దారిపెద్ద. దొరకలేదని ఇంటికెళ్లి చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆ సాయంత్రం ఇప్పచెట్టు దగ్గర మేస్తుంటే ఈమె గొంతు వినపడింది. ఈమెని తీసేస్తారని అనుకోలేదు. తీసేశాక నోరు విప్పే ధైర్యం రాలేదు."

"ఎండాకాలంలో ఈ కుందేలు పిల్లలు నీ వెనక వచ్చి ఉంటే ఎక్కడికి తీసుకెళ్లేవాడివి?"

కొమరయ్య గుహ గుమ్మంలో కూర్చుని ఆవులిస్తున్న ఎలుగుబంటిని చూశాడు. వాడి కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి.

"పరీక్ష అంటే దాహం తీర్చడం, నాయనా," అంది నాంచారమ్మ. "నీదైనా, ఇంకొకరిదైనా. నీ పరీక్ష రద్దు. మొగిలికి అందరిలో క్షమాపణ చెప్పు. వచ్చే చలికాలం మొదటినుంచి మళ్లీ వెతుకు. దొరక్కపోతే దొరకలేదని చెప్పడం కూడా దారిపెద్ద నేర్చుకోవలసిందే. శిక్ష ఎక్కువనిపిస్తే నువ్వూ అప్పీలు పెట్టుకోవచ్చు, పున్నమిలోపల."

"వద్దు పెద్దమ్మా," అన్నాడు కొమరయ్య. "ఈ శిక్షతో నాకు నిద్ర పడుతుంది." మొగిలి ముందుకొచ్చి కొమ్ములు నేలకి ఆనేలా వంగి క్షమించమన్నాడు.

మొగిలికి వాడి మీద కోపం పోలేదు. అయినా ఒక మాట అంది. "పైన గాలిలో నీటి వాసన తెలుస్తుంది నీకు. నాకది అందదు. ఈసారి నీ ఎత్తులో వెతుక్కో, నా ఎత్తులో కాదు."

ఇకమీదట పరీక్షకి ఎవరు ముందో చీటీ తీసి పిలవాలనీ, జవాబు చెప్పినవాళ్లు కాళ్లతో నడిచి చూపించాలనీ నాంచారమ్మ చెప్పింది. ధవళాచారి తానే వెంట నడుస్తానన్నాడు. మొగిలిని ఆ రోజే దారిపెద్దగా ప్రకటించారు. కంత అవతలనుంచి చిన్న జంతువులు నీళ్లు చల్లుకుంటూ పెట్టిన కేకలకి ఎలుగుబంటి నిద్ర ఇంకోసారి పాడైంది.

అంతా సర్దుకుంటుండగా పరికికంపలోంచి భద్రయ్య పాక్కుంటూ బయటపడ్డాడు. ముక్కు మీద ముళ్లు, తోకనిండా కంప. అయినా గొంతు తగ్గలేదు.

"ఇది అన్యాయం! ఈ అప్పీలు మీద నేను అప్పీలు వేస్తాను!"

"వేసుకో నాయనా, ఎవరు కాదన్నారు?" అంది నాంచారమ్మ, తీరిగ్గా నెమరు వేస్తూ. "ఎవరి తరఫున?"

భద్రయ్య చుట్టూ చూశాడు. కుర్చీకి మాటిచ్చిన దుప్పుల మంద ఎప్పుడో కొండ దాటింది. కొమరయ్య, అప్పుడే ఆయాసపడుతూ అక్కడికి చేరుకున్న తాయారత్తని వీపు మీద ఎక్కించుకుని కొండ దిగుతున్నాడు. ఆవిడ పైనుంచి దారిపొడుగునా చీవాట్లు పెడుతోంది, వాడు "తప్పే అత్తా, తప్పే" అంటూ జాగ్రత్తగా అడుగులు వేస్తున్నాడు. ముందు నడవమని పట్టుబట్టిన నక్క, అందరికంటే వెనక ఒక్కడే మిగిలి ముక్కు గీరుకుంటూ నిలబడ్డాడు.

నీతి: జవాబు ఎవరి నోట ముందు వచ్చిందని కాదు, ఎవరి కాళ్ల మీదుగా వచ్చిందని చూడాలి.